తదుపరి ఉత్తర్వుల వరకు చలి

నల్లేటిపాలెం వాళ్లకు చలితో పెద్దగా పరిచయం లేదు. సముద్రానికి ఎనిమిది మైళ్ల దూరంలో ఉన్న ఊరు. డిసెంబరులో కూడా మధ్యాహ్నం భోజనం చేసి ఫ్యాను కిందే నడుం వాలుస్తారు. ఊళ్లో స్వెట్టరు ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ స్వెట్టర్లయినా ఎప్పుడో కాశీ వెళ్లినప్పుడు కొన్నవే.

ఆ ఏడాది మాత్రం చలి పిలవని చుట్టంలా వచ్చి తిష్ఠ వేసింది. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి పదకొండు గంటల దాకా కరిగేది కాదు. తోడుపెట్టిన పాలు పొద్దున్నకి పాలుగానే ఉండేవి. ఆడవాళ్లు ఎండ వచ్చేదాకా ఆగి తొమ్మిదింటికి వాకిట్లో ముగ్గు వేసేవారు.

ఆ చలి మార్తమ్మ పెరట్లోకి కూడా వచ్చింది. మార్తమ్మ ముప్ఫై రెండేళ్లు ప్రభుత్వాస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఊరంతా ఇప్పటికీ సిస్టరుగారనే పిలుస్తారు. ఇంటి చుట్టూ ఉన్న కాస్త జాగాలో ఆమె వంగ, టమాటా, దొండపాదు, రెండు బొప్పాయిలు, కరివేపాకు పెంచుకుంటోంది. అన్నిటికంటే ముఖ్యమైంది ఆమె అత్తగారు నాటిన తమలపాకు తీగ. అది మునగచెట్టును పట్టుకుని పాకి, గోడ దాటి వీధిలోకి తొంగి చూసేది. మార్తమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషే. అయినా ఆ వీధిలో ఎవరింట్లో వ్రతం జరిగినా, పేరంటం జరిగినా తాంబూలంలోకి ఆకులు ఆ తీగవే. పక్కింటి భ్రమరాంబ అయితే శుక్రవారం వచ్చిందంటే గోడ మీంచి చెయ్యి చాపి, అడక్కుండానే అయిదాకులు కోసుకునేది.

డిసెంబరు రెండో వారంలో ఒక పొద్దున్న చూస్తే తమలపాకులు నల్లబడి, ఉడకబెట్టినట్టు వేలాడుతున్నాయి. టమాటా మొక్కలు తలలు వాల్చేశాయి. వణుకుతున్న రోగికి ఎవరైనా ఏం చేస్తారో మార్తమ్మ అదే చేసింది. బీరువాలోని పాత నేతచీరలు, భర్త దేవసహాయం లుంగీలు, ఇంట్లో ఉన్న ఎర్ర కంబళి బయటికి తీసి పొద్దువాలగానే మొక్కలకు కప్పింది. తెల్లారి ఎండ రాగానే తీసేసేది. దేవసహాయం రిటైరైన పోస్టుమాను, నెమ్మదస్తుడు. తన లుంగీలు ఒక్కొక్కటే వంగమొక్కల మీదికి వెళ్లిపోతుంటే, కట్టుకోవడానికి ఒకటైనా మిగులుతుందా అని మాత్రం అడిగాడు.

అయిదు రోజుల్లో మొక్కలు తేరుకున్నాయి. తమలపాకు తీగ కణుపు దగ్గర గోరంత చిగురు వేసింది. ఆరో రోజు పొద్దున్న, ఎండ ఇంకా రాకముందే, మున్సిపల్ కమిషనరు త్రివిక్రమరావుగారు ఆ వీధిలోకి నడకకు వచ్చారు.

త్రివిక్రమరావుగారికి ఆ రోజుల్లో ఒక బెంగ ఉండేది. పై ఆఫీసుకు నెలనెలా పంపే నివేదికలో ‘ఈ నెల చేపట్టిన వినూత్న కార్యక్రమం’ అని ఒక గడి ఉంటుంది. ఆయన ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి అయిదు నెలలుగా ఆ గడిలో ‘పరిశీలనలో ఉన్నది’ అని రాస్తున్నారు. ఆరోసారి అదే రాస్తే బాగుండదని మథనపడుతూ నడుస్తున్న మనిషికి, ఎర్ర కంబళి కప్పుకుని నిలబడ్డ బొప్పాయిచెట్టు ఎదురైంది. ఆయన ఆగిపోయారు. గేటు తీసుకుని లోపలికి వచ్చి, ఇదంతా ఏమిటని మార్తమ్మను అడిగారు. చలేసింది సార్, కప్పానండి అని ఆమె చెప్పింది. ఆయన వంగమొక్క మీది లుంగీని రెండు వేళ్లతో తాకి చూశారు.

“అమ్మా, ఇది లుంగీ కాదు. ఇది ఒక విధానం” అన్నారు.

నాలుగు రోజులకు ‘మొక్కకో దుప్పటి’ కార్యక్రమం మొదలైంది. మున్సిపాలిటీ రిక్షా మైకు పెట్టుకుని వీధివీధినా సర్క్యులరు చదువుకుంటూ తిరిగింది. ‘ఇందుమూలముగా పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, అసాధారణ శీతల పరిస్థితుల దృష్ట్యా, గృహ ప్రాంగణములందలి సమస్త మొక్కలను సూర్యాస్తమయము నుండి సూర్యోదయము వరకు, తదుపరి ఉత్తర్వులు వెలువడునంత వరకు, వస్త్రములతో కప్పి ఉంచవలెను.’ మార్తమ్మను కార్యక్రమానికి గౌరవ సలహాదారుగా నియమించారు. ముప్ఫై రెండేళ్లు సర్క్యులర్ల మధ్య బతికిన మనిషి అయి ఉండి కూడా, ఆమె ఆ సంతోషంలో ‘తదుపరి ఉత్తర్వులు’ అన్న మాటను పట్టించుకోలేదు.

మొదట్లో అందరూ ముచ్చటపడే కప్పారు. పాత చీరలకు ఒక ఉపయోగం దొరికిందనుకున్నారు. కొన్నాళ్లకు శానిటరీ ఇన్‌స్పెక్టరు వీర్రాజు రేకుబిళ్లల సంచీతో బయల్దేరి మొక్కలకు నంబర్లు తగిలించడం మొదలుపెట్టాడు. అక్కడ సందేహాలు పుట్టాయి. గడ్డి మొక్క అవునా, కాదా అని వీర్రాజు పైకి రాశాడు. నాలుగు ఆకులు పైబడినదెల్లా మొక్కే అని జవాబు వచ్చింది. కొబ్బరిచెట్ల సంగతేమిటని రాశాడు. ‘సమస్త’ అనే పదంలో కొబ్బరి ఇమిడి ఉన్నదని జవాబు వచ్చింది. దాంతో కొబ్బరికాయలు దింపేవాళ్లు రోజూ సాయంత్రం చెట్టెక్కి మొవ్వుకు గోనెసంచి కట్టడం, పొద్దున్నే ఎక్కి విప్పడం. తులసికోట విషయంలో మూడు రోజులు చర్చ జరిగి, ఉతికిన వస్త్రమైతే అభ్యంతరం లేదని తేల్చారు. ప్రభుత్వం ఆదర్శంగా ఉండాలి కనుక కౌన్సిల్ హాలులో ఉన్న ప్లాస్టిక్ పూలకుండీకి కూడా సిల్కు గుడ్డ కప్పి, ఒకటో నంబరు బిళ్ల దానికే వేశారు.

ఇంత పెద్ద కార్యక్రమానికి శాస్త్రీయ ప్రాతిపదిక లేకపోతే ఎలాగని కమిషనరుగారికి తోచింది. జిల్లా కేంద్రం నుంచి చెక్కపెట్టెలో అమర్చిన గాజు థర్మామీటరు ఒకటి తెప్పించారు. అటెండరు గంగాధరం రోజుకు మూడుసార్లు దాన్ని చూసి, ఆఫీసు ముందున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి పంతొమ్మిది డిగ్రీలని రాశాడు. కమిషనరుగారు ఆ అంకె చూసి గాబరాపడ్డారు. ఎండ కనిపించినంత మాత్రాన ప్రజలు పగటి చలిని నిర్లక్ష్యం చేస్తున్నారని గ్రహించి, రెండో సర్క్యులరు ఇచ్చారు. ఇక మీదట రేయింబవళ్లూ కప్పి ఉంచాలి.

జనవరి దాటింది. చలి ఎలా వచ్చిందో అలాగే, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. ఫిబ్రవరి చివరికి ఎండలు ముదిరాయి. దుప్పట్ల కింద ఆకులు పసుపు తిరిగాయి. వంగపూల మీద వాలడానికి తేనెటీగలకు దారి లేక పూత పూతగానే రాలిపోయింది. మార్తమ్మ ఒక పొద్దున్న అన్ని గుడ్డలూ తీసేసి దండెం మీద వేసింది. పదిన్నరకల్లా వీర్రాజు వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. అప్పుడెప్పుడో అతని భార్యకు పురుడు పోసింది మార్తమ్మే. అందుకే గేటు దగ్గరే చాలాసేపు తటపటాయించాడు.

“సిస్టరుగారండి, సలహాదారులు మీరే తీసేస్తే ఇంక ఊళ్లో ఎవరు కప్పుతారండి?”

“చలి లేదు కదా వీర్రాజుగారూ. మీకు చెమట కారుతోంది, చూసుకోండి.”

వీర్రాజు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. “చెమట నాదండి. చలి ఆఫీసుది. నాకు చెమట పట్టిందని రాస్తే కాగితం నిలబడదండి.”

తను వెళ్లేలోగా మళ్లీ కప్పమని బతిమాలాడు. నోటీసు రాయాల్సి వస్తే తన చెయ్యి ఆడదన్నాడు. మార్తమ్మ ఒక్కొక్క గుడ్డే తెచ్చి కప్పింది. కప్పుతుంటే ఆమెకు, ఊపిరాడని రోగి మొహం మీద దిండు పెడుతున్నట్టనిపించింది.

విచిత్రమేమిటంటే, ఎండ పెరిగినకొద్దీ నల్లబోర్డు మీద చలి పెరిగింది. మార్చిలో పద్దెనిమిది రాశారు, ఏప్రిల్లో పదిహేడు. బయట తారురోడ్డు మెత్తబడి చెప్పులు అంటుకుపోతుంటే, జనం ఆ బోర్డు ముందు గొడుగులు వేసుకుని నిలబడి అంకె చదివేవారు. చదివినవాళ్లలో కొందరికి తమ మీద తమకే అనుమానం వచ్చింది. ఒక రిటైర్డు తెలుగు పండితుడు, ప్రభుత్వ గణాంకాలతో పోలిస్తే మన చర్మం ఎంతటిదని మఫ్లరు కట్టుకుని తిరిగి, వడదెబ్బ తగిలి మూడు రోజులు మంచం ఎక్కాడు. పదిహేడు డిగ్రీలు చూసిన కమిషనరుగారు ఆందోళనతో మూడో సర్క్యులరు ఇచ్చారు. మొక్కకు రెండు దుప్పట్లు. పై ఆఫీసు నుంచి, రాష్ట్రంలోనే దీర్ఘకాలిక శీతల ప్రభావాన్ని ఎదుర్కొంటున్న ఏకైక తీరప్రాంత పట్టణంగా నల్లేటిపాలేన్ని గుర్తిస్తూ ఉత్తరం వచ్చింది.

ఈలోగా వీధి మార్తమ్మకు దూరమైంది. ఎదురుపడితే పలకరించేవాళ్లు చెప్పుల కేసి చూసుకుంటూ వెళ్లిపోతున్నారు. పిల్లలు చాటుగా దుప్పటి సిస్టరంటున్నారు. భ్రమరాంబ శుక్రవారాలకు బజారు ఆకులు తెచ్చుకుంటోంది. మే నెల మొదట్లో ఒక సాయంత్రం ఆమె గోడకు అవతల నిలబడి, ఎండిపోయిన తన సన్నజాజి పందిరి కేసి చూస్తూ, చాలా నెమ్మదిగా అంది.

“మీ మొక్కకి చలేస్తే మీ మొక్కకి కప్పుకోవలసింది సిస్టరుగారూ. మా అందరికీ ఎందుకు కప్పించారండి?”

మార్తమ్మ మునగచెట్టు దగ్గరికి వెళ్లి, దాని మీది రెండు దుప్పట్లూ కాస్త ఎత్తి చూసింది. తమలపాకు తీగ తాడులా ఎండి, చెయ్యి వేస్తే పెళపెళమంటోంది. అత్తగారు ఉన్నన్నాళ్లూ ఆ తీగకు నీళ్లు పోయకుండా కాఫీ తాగేది కాదు. ఆ పూట మార్తమ్మ అన్నం తినలేకపోయింది. మర్నాడు పదకొండింటికి గొడుగు వేసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది.

వరండాలో బెంచీ కాలిపోతోంది. గంగాధరం ఆమెను చూసి లేచి, కమిషనరుగారి గది తలుపు తీశాడు. ఐసు ఫ్యాక్టరీ తలుపు తీసినట్టు ఒక్కసారిగా చల్లగాలి మొహానికి కొట్టింది. లోపల త్రివిక్రమరావుగారు కోటు వేసుకుని, మెడకు శాలువా చుట్టుకుని కూర్చున్నారు. ముక్కు ఎర్రబడింది. బల్ల మీద ఫైళ్ల కంటే దగ్గు మందు సీసాలు ఎక్కువగా ఉన్నాయి. ఆయన కుర్చీ వెనక గోడకు చెక్కపెట్టెలో థర్మామీటరు వేలాడుతోంది. దానికి సరిగ్గా జానెడు పైన ఏసీ పనిచేస్తోంది.

కొన్ని వేలమంది నోళ్లలో థర్మామీటరు పెట్టిన మార్తమ్మ నమస్కారం కూడా మరిచిపోయి, తిన్నగా దాని దగ్గరికి వెళ్లి చూసింది. పదహారు డిగ్రీలు.

ఇది ఇక్కడెందుకు ఉందని అడిగింది. ప్రభుత్వ ఆస్తి అనీ, ఈ భవనంలో తాళం సరిగ్గా పడే గది ఇదొక్కటేననీ, అందుకే తెచ్చిన రోజునే ఇక్కడ బిగించామనీ కమిషనరుగారు బొంగురుగొంతుతో చెప్పారు. మరి ఏసీ ఎందుకు ఇంత పెట్టుకున్నారంటే, దోమలకు కిటికీలు మూసేశాక ఏడాది పొడుగునా అది లేకుండా కుదరదనీ, ఎండలు ముదిరేకొద్దీ ఇంకాస్త పెంచక తప్పడం లేదనీ చెప్పారు. ఆ రెండు మాటలూ ఒకదాని వెంట ఒకటి ఆయన నోటి నుంచే వచ్చాయి. కానీ పక్కపక్క ఇళ్లలో ఉంటూ మాటలు లేని అన్నదమ్ముల్లా అవి ఒకదాన్నొకటి చూసుకోలేదు.

“దీన్ని వరండాలోకి మార్పించండి సార్” అంది మార్తమ్మ.

“అక్కడ ఎండ ఉంటుంది కదమ్మా. ఎండ ప్రభావానికి లోనైతే అది తప్పు చూపిస్తుంది.” ఆయన శాలువా సర్దుకున్నారు. “నాకు మాత్రం ఈ చలి ఇష్టమా? పదిహేను రోజులు వరుసగా ముప్ఫై డిగ్రీలు దాటి నమోదైతే ఆ క్షణమే శీతాకాలాన్ని ఉపసంహరిస్తాను. నిబంధన అది. నేను కూడా మీలాగే ఎదురుచూస్తున్నాను.”

అని వరుసగా నాలుగుసార్లు తుమ్మారు. నాలుగో తుమ్ముకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మార్తమ్మ కడిగిపారేద్దామని వచ్చింది. కానీ ఆ తుమ్ములు వినగానే ఆమెలో నర్సు లేచి కూర్చుంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. జనవరి నుంచి అని చెప్పారాయన. ముగ్గురు డాక్టర్లు మారారు, వాసన తెలియడం మానేసింది, నిద్ర లేదు, పొద్దుటి నడక కూడా ఆగిపోయింది. మార్తమ్మ ఆయన నుదురు, చెంపలు వేళ్లతో నొక్కి చూసింది. ఆయన చిన్నపిల్లాడిలా నొప్పి అన్నారు. ఆమెకు జాలీ, ఉపాయమూ ఒకేసారి వచ్చాయి. వాటిలో ఏది ముందు వచ్చిందో తనకే తెలియదని తరవాత దేవసహాయంతో చెప్పింది.

“మందులు ఎన్ని మింగినా లాభం లేదండి. పదిహేను రోజులు ఈ ఏసీ కట్టేసి, కిటికీలు తీసి, పొద్దునా సాయంత్రం ఆవిరి పట్టాలండి. మధ్యలో ఒక్క పూట ఏసీ వేసినా మళ్లీ మొదటికొస్తుంది.”

“పదిహేను రోజులా?”

“పదిహేనేనండి. ఆవిరి నేనొచ్చి పట్టిస్తాను.”

ఆమె అబద్ధమేమీ ఆడలేదు. అలాంటి రోగికి ఎవరికైనా రెండు వారాలని చెప్పేదే. ఆ రోజు ఇంకొక్క రోజు కలిపింది, అంతే.

కిటికీలు తెరిచారు, దోమతెరలు కొట్టించారు. మర్నాటి నుంచి మార్తమ్మ రెండు పూటలా ఇత్తడి గిన్నె, తువ్వాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. గంగాధరం నల్లబోర్డు మీద ముప్ఫై మూడు రాశాడు. రాసి, చెరిపి, లోపలికి వెళ్లి మళ్లీ చూసి వచ్చి అదే రాశాడు. తరవాత ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది. బోర్డు ముందు జనం పోగయ్యేవారు. నాలుగో రోజుకు కమిషనరుగారి ముక్కు తెరుచుకుంది. ఏడో రోజు ఆయనకు ఎవరిదో క్యారేజీలోని పప్పుచారు వాసన తెలిసింది. తొమ్మిదో రోజు చాలా కాలానికి హాయిగా నిద్రపోయానని చెప్పి, మార్తమ్మ చేతిలోంచి తువ్వాలు తనే తీసుకుని తల మీద కప్పుకున్నారు.

పన్నెండో రోజు పై ఆఫీసు నుంచి ప్రాంతీయ డైరెక్టరుగారు వచ్చారు. దీర్ఘకాలిక శీతల ప్రభావాన్ని స్వయంగా పరిశీలించడానికని వచ్చిన ఆయన, గదిలో కాలు పెట్టగానే కాలరు వదులు చేసుకుని ఏసీ వేయమన్నారు. కమిషనరుగారి మొహం పాలిపోయింది. పై అధికారి వేయమంటున్నారు, ముక్కేమో వద్దంటోంది. చెయ్యి రిమోటు మీదికి వెళ్లి అక్కడే ఆగింది. గిన్నెతో మూల నిలబడ్డ మార్తమ్మ ఆ చెయ్యినే చూస్తోంది. ఊరి మొక్కలన్నీ ఆ చేతి కిందే ఉన్నట్టున్నాయి. ఆమె ముందుకు వచ్చి, ఆస్పత్రిలో వార్డు తనిఖీకి వచ్చే పెద్ద డాక్టర్లతో మాట్లాడే గొంతుతో చెప్పింది.

“రోగికి చికిత్స జరుగుతోందండి. తమరు కౌన్సిల్ హాల్లో కూర్చుంటే మంచిదండి. అక్కడ ఫ్యాన్లున్నాయి.”

రోగి అన్న మాట వినగానే డైరెక్టరుగారు రెండడుగులు వెనక్కి వేశారు. అంటుకునేదేమోనని అడిగి, జవాబు వినకుండానే కౌన్సిల్ హాలుకు వెళ్లి, సిల్కు గుడ్డ కప్పుకున్న ఒకటో నంబరు మొక్కను మెచ్చుకుని, కారెక్కారు.

పదహారో రోజు పొద్దున్న మైకు రిక్షా మళ్లీ బయల్దేరింది. ‘నల్లేటిపాలెం పట్టణ పరిధిలో శీతాకాలము నేటి ఉదయము పదకొండు గంటల నుండి ఉపసంహరించడమైనది. సదరు ఉపసంహరణకు పూర్వము ప్రజలు అనుభవించిన వేడిమి అధికారికముగా పరిగణింపబడదు.’ అది మే నెల ఇరవై మూడో తేదీ. పదకొండు కొట్టేసరికి ఊరు ఊరంతా పెరళ్లలో ఉంది. దుప్పట్లు, గోనెలు, చీరలు ఊడిపడుతుంటే లోపలి నుంచి కొమ్మలు, ఎక్కువ భాగం వట్టి కొమ్మలు, ఎండలోకి వచ్చాయి.

మార్తమ్మ పెరట్లో వంగ పోయింది, టమాటా పోయింది. దొండపాదు మొండిది కనుక బతికింది. బొప్పాయి ఒకటి నిలబడింది. ఆమె మునగచెట్టు మొదట్లో కూర్చుని తమలపాకు తీగను నేల దాకా తడుముకుంటూ వచ్చి, వేరు దగ్గర గోటితో గీకింది. లోపల సన్నటి పచ్చగీత కనిపించింది. మళ్లీ గీకి చూసే ధైర్యం చాలక అలాగే వేలు పెట్టుకుని కూర్చుంది. గేటు చప్పుడైంది. భ్రమరాంబ చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి పక్కన నిలబడింది. వంగి మొదట్లో నీళ్లు పోసి, శ్రావణానికి ఆకు వస్తుందంటారా అని అడిగింది. శ్రావణానికి రాకపోయినా కార్తీకానికి వస్తుందని మార్తమ్మ చెప్పింది. అలాగయితే శ్రావణానికి బజారు ఆకులతో సరిపెట్టుకుంటానని భ్రమరాంబ ఆమె పక్కనే చతికిలపడింది.

జూన్‌లో కమిషనరుగారికి ప్రశంసాపత్రం వచ్చింది. అత్యంత దీర్ఘమైన శీతాకాలాన్ని ఒక్క మనిషి ప్రాణం కూడా పోకుండా సమర్థంగా ముగించినందుకు ఇచ్చారు. దాంతో ఆయనకు ఉత్సాహం రెట్టింపయింది. ఆరోగ్యం బాగుపడి పొద్దుటి నడక కూడా మళ్లీ మొదలుపెట్టారు. నివేదికలో ఆ గడి మళ్లీ ఖాళీగా ఉంది.

ఒక పొద్దున్న మార్తమ్మ బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి తమలపాకు తీగ మొదట్లో కొద్దికొద్దిగా పోస్తోంది. కణుపు దగ్గర రెండాకులు విచ్చుకున్నాయి. వీర్రాజు గేటు తీసుకుని వచ్చాడు. చంకలో కొత్త నోటుపుస్తకం ఉంది. కమిషనరుగారు మిమ్మల్ని అడిగి రమ్మన్నారని, ఈ మధ్య కొత్తగా ఏమైనా చేస్తున్నారేమో కనుక్కోమన్నారని చెప్పాడు. చెబుతూనే అతని చూపు ఆకుల మీదికి, అక్కణ్ణుంచి గిన్నె మీదికి వెళ్లింది. పుస్తకం తెరిచి పెన్ను మూత తీశాడు.

“అదేంటండి సిస్టరుగారూ, తీగకి పోస్తున్నది?”

మార్తమ్మ అతన్ని చూసింది, పెన్ను చూసింది. గిన్నె ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ఆ ధార కింద పెట్టింది.

“ఏం పోయట్లేదండి. చెయ్యి కడుక్కుంటున్నాను.”

వీర్రాజు ఇంకేమైనా చెబుతుందేమోనని కాసేపు నిలబడి, పెన్నుకు మూత పెట్టుకుని వెనక్కి తిరిగాడు. అతను గేటు దాటి వీధి మలుపు తిరిగేదాకా మార్తమ్మ చెయ్యి కడుక్కుంటూనే ఉంది.